చదివి వినిపించగా

2003 జూలై 7, సోమవారం

ఈరోజు పెనుకొండ కోర్టులో జరిగింది రాసుకోవాలి. రాసుకుంటే కాస్త తేలిక పడతానేమో.

నా క్లయింటు గౌసియాబీ బోనెక్కింది. పోయిన ఏడాది చట్టం మారినప్పటి నుంచి సాక్షి తన కథంతా బోనులో నోటితో చెప్పనక్కర లేదు. అఫిడవిట్‌గా రాసి దాఖలు చేస్తే చాలు, ఎదుటి వకీలు అడిగే ప్రశ్నలకు మాత్రం నిలబడి జవాబివ్వాలి. ఆమె అఫిడవిట్ మా హిందూపురం ఆఫీసు కంప్యూటర్లో తయారైంది. ఒక్క కొట్టివేత లేకుండా ముచ్చటగా ఉంటుంది.

ఎదుటి వకీలు హనుమంతప్ప తీరిగ్గా కళ్లద్దాలు తుడుచుకుని, "నీకు పిల్లలెంతమందమ్మా?" అన్నాడు.

"ఒక కూతురు సామీ. అఫ్రీను. అదో, ఆడ కూసోనుండాది."

"మరి అఫిడవిట్‌లో ఐదో పేరాలో ఏం చెప్పినావు? నేను చదువుతా, విను. 'నాకు సంతానం లేదు. నన్ను చూచుకొనువారు ఎవరును లేరు.' కింద ఉండే వేలిముద్ర నీదే కదా?"

గౌసియాబీ అతని వైపు చూడలేదు, జడ్జి వైపు చూడలేదు. నా వైపు తిరిగింది. "నాకు బిడ్డల్లేరని నేనంటినా సారూ?" అని నన్నే అడిగింది. సాక్షి కోర్టుకు జవాబు చెప్పాలని జడ్జిగారు మందలించారు. వెనక బెంచీలో ఆమె మరిది గౌస్‌సాబ్ నవ్వాపుకోలేక తల వంచుకున్నాడు. అఫ్రీన్ లేచి బయటికి వెళ్లిపోయింది.

కేసంతా ఆ పిల్ల మీదే ఉంది. గౌసియాబీ భర్త పోయాక, బస్టాండు దగ్గరి రెండు గదుల ఇల్లు తనదని గౌస్‌సాబ్ పేచీ పెట్టాడు. ఆ ఇంటి వసారాలోనే ఆమె ఉగ్గాణి, బజ్జీల అంగడి. అన్నకు వారసులు లేరు, అఫ్రీన్ కదిరిలో ఎవరి దగ్గరో తెచ్చి పెంచుకున్న పిల్ల, అన్న బతికి ఉండగానే ఇల్లు నా చేతికిచ్చేశాడు అని అతని వాదన. అఫ్రీన్ పుట్టింది కదిరిలో, అమ్మమ్మ ఇంట్లో, మంత్రసాని చేతుల్లో. మంత్రసాని పోయింది, అమ్మమ్మ పోయింది, కాగితమంటూ ఏదీ లేదు. తల్లి మాట ఒక్కటే ఆధారం. ఆ మాట ఈరోజు ఇట్లా అయింది.

కానీ నేను చదివి వినిపించాను. చివర నా సంతకం పైన స్పష్టంగా ఉంది: "పై విషయములు చదివి వినిపించగా, విని, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినది." నాకు బాగా గుర్తు. నా బల్ల ముందు బెంచీ మీద కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, ప్రతి పేరాకీ "ఆఁ, ఆఁ" అంటూ తల ఊపింది. బొటనవేలికి ఎర్రరంగేదో అంటి ఉంటే, సిరాతో కలిసి ముద్ర ఊదారంగులో పడింది. తడిగుడ్డ ఇచ్చి తుడిపించి మళ్లీ వేయించాను. ఇంత గుర్తున్నవాణ్ని చదవకుండా ఎట్లా ఉంటాను?

ఆమే సరిగ్గా విని ఉండదు.

జూలై 8

భాగ్యశ్రీని పిలిచి అడిగాను. మా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేది ఆ అమ్మాయే. గొంతు పెంచాననుకుంటాను, ముఖం ఎర్రగా చేసుకుంది.

"మీరే కదా సార్ పాత ఫైలు తీసి పేరూ ఊరూ మార్చమనింది. మార్చినా. ఐదో పేరాలో పేరు లేదు, ఊరు లేదు. ఏం మార్చల్ల?"

పాత ఫైలు ధర్మవరం జయలక్ష్మమ్మది. కంప్యూటర్ కొన్నాక మేము తయారు చేసిన మొదటి అఫిడవిట్. భర్త పోయి, పిల్లల్లేక, ఆడబిడ్డలతో ఇంటి కోసం కొట్లాడిన మనిషి. ఆ డ్రాఫ్టు నేనే రాశాను, కుదిరింది, కేసు గెలిచాం. ఇల్లు దక్కిన కొద్ది నెలలకే ఆమె పోయింది. అప్పటి నుంచి ఇంటి తగాదాతో ఏ విధవ వచ్చినా ఆ ఫైలే తెరుస్తున్నాం. నేనే తెరవమన్నాను. రోజంతా పట్టే పని టీ తాగేలోపు అయిపోతోందని బార్ అసోసియేషన్‌లో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మా సీనియర్ తిమ్మరాజు సార్ పద్ధతి వేరుగా ఉండేది. క్లయింటును ఎదురుగా కూర్చోబెట్టి చిత్తుప్రతి గట్టిగా చదివేవారు. "అట్ల కాదు సామీ" అని వాళ్లు అడ్డం పడేవాళ్లు, పెళ్లి నాటి సంగతుల దగ్గర మొదలుపెట్టేవాళ్లు, ఆయన కొట్టేసి మళ్లీ రాసేవారు. అంతా అయ్యాకే టైపు మిషన్ మీద కాగితం ఎక్కేది. "చదివి వినిపించగా" అనే ముక్క చిట్టచివర, చదివిన తరువాత పడేది. సార్ కళ్లకు పొరలొచ్చాక చదివే పని నాకు అప్పగించారు.

కంప్యూటర్లో ఆ ముక్క ముందే ఉంటుంది. ఫైలు తెరవగానే ఉంటుంది. మనిషి ఇంకా మెట్లు ఎక్కకముందే విని, ఒప్పుకొని ఉంటుంది.

సాయంత్రం వేరే ఫైళ్లు తీసి చూశాను. గుడిబండ ఆమెకు ముగ్గురు కొడుకులు. అమరాపురం ఆమె మనవడిని చంకనేసుకొని వచ్చేది. ఇద్దరికీ సంతానం లేదు. ఇద్దరినీ చూచుకొనువారు ఎవరును లేరు. తక్కిన ఫైళ్లు తెరవబుద్ధి కాలేదు.

జూలై 9

నేను చదివాను. గౌసియాబీకి మాత్రం చదివాను.

జూలై 12, శనివారం

తిమ్మరాజు సార్‌తో మాట్లాడాను. ఆయన కళ్లు మూసుకునే అంతా విన్నారు.

"ఏమప్పా జగదీష్, ఇంత చిన్నదానికి ఇంత బెంగ పెట్టుకుంటే వకాలత్ యాడ చేస్తావు? టైపు పొరపాటని సవరణ పిటిషన్ ఎయ్. టైపు చేసిన ఆ అమ్మాయితో ఒక స్టేట్‌మెంట్ ఇప్పించు."

"చదివి వినిపించినట్టు నా సంతకం ఉంది కదా సార్. చదివి ఉంటే పొరపాటు అప్పుడే బయటపడేదంటాడు హనుమంతప్ప."

"అంటే ఏముండాది? నువ్వు చదివినావు, ఆమె ఆ పొద్దు మనసు బాగలేక తల ఊపింది. మొగుడు పోయిన దుఃఖం. ఏ జడ్జి కాదంటాడు?"

బాగానే ఉంది. ఎవరికీ నష్టం లేదు. ఆమెకు కాస్త మతిమరుపని అంతా అనుకుంటారు, భాగ్యశ్రీకి ఒక మాట పడుతుంది, అంతే. పిటిషన్ మొదలుపెట్టమని భాగ్యశ్రీకి చెప్పాను. ఆ అమ్మాయి టైపు చేసింది. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు.

జూలై 13, ఆదివారం

ఆఫీసుకు ఒక్కణ్నే వెళ్లాను. సవరణ పిటిషన్ ప్రింటుకు ఇచ్చాను. ఈ ప్రింటర్ ఒక్కో వరుసా గీరుకుంటూ పోతుంది, మధ్యలో ఒక క్షణం ఆగుతుంది. ఆగినప్పుడు ఎవరో "ఆఁ" అన్నారు.

బల్ల అవతల బెంచీ ఖాళీగానే ఉంది. మళ్లీ గీరింది, మళ్లీ ఆగింది, మళ్లీ "ఆఁ". పట్టపగలు, కింద వీధిలో చింతపండు బండి వాడు కేకలు వేస్తున్నాడు. స్విచ్ తీసేశాను. కాగితం సగంలో ఆగిపోయింది.

నిద్ర సరిగ్గా లేకపోతే ఇట్లాగే ఉంటుంది.

జూలై 14

గౌసియాబీ వచ్చింది. పెనుకొండ నుంచి మొదటి బస్సుకే వచ్చినట్టుంది, నేను తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. లోపలికి రమ్మన్నాను. ఆమె బెంచీ మీద కూర్చుంటే నాకెందుకో అక్కడ ఎవరి చోటో ఆక్రమించినట్టు అనిపించింది.

"పాప నాతో మాట్లాడ్లేదు సారూ. అంగట్లో పని చేస్తాది, అన్నీ చేస్తాది, నోరు మాత్రం తెరవదు. నిన్న ఒక్క మాట అడిగె. 'నేను నీకు పుట్టలేదా మా? నిజం చెప్పు' అనె."

నేను ఏదో ఓదార్పు మాట అన్నాను. ఏమన్నానో రాయను, రాసేంత విలువ లేదు దానికి.

కాసేపు కొంగు చివర మెలితిప్పుకుంటూ కూర్చుంది. తరువాత మెల్లగా, "ఆ కాగితం నువ్వు నాకు చదివితివా సారూ? నాకు గ్యాపకం రాలేదు" అంది.

"చదివినానమ్మా" అన్నాను.

నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం ఉంటే బాగుండేది.

"అట్లయితే నేనే ఇన్లేదేమో సారూ. ఆ దినాల్లో నా తల నా దగ్గర లేదు. తప్పు నాదే" అని, వస్తానని చెప్పి లేచి వెళ్లిపోయింది. మెట్లు దిగుతూ ఒకచోట గోడ పట్టుకుంది.

జూలై 15

చదివాననే అనుకుంటున్నాను.

జూలై 17, గురువారం

ధర్మవరం కోర్టులో పని త్వరగా అయిపోయింది. స్టేషన్‌కు పోవాల్సినవాణ్ని జయలక్ష్మమ్మ ఉన్న వీధికి ఎందుకు పోయానో చెప్పలేను. ఎవరో రమ్మన్నట్టే పోయాను.

ఆమె ఇల్లు ఎవరో కొనుక్కున్నారు. ఆ వీధిలో సగం ఇళ్లలో పట్టునూలుకు రంగులు వేస్తారు. దండేల మీద తడి నూలు వేలాడుతోంది, కాలువలో నీళ్లు పచ్చగానో ఎర్రగానో పారుతున్నాయి. పక్కింటి అరుగు మీద ఒక పెద్దావిడ నూలు చిక్కు తీస్తోంది. వకీలునని చెప్పి, దాహమేస్తోందని అడిగాను.

"జయక్క కేసు సూసిన వకీలువా? కూసో అప్పా. అక్క నీ మాటే చెప్తాండె. ఆ సామి రాసిందంతా నాకు చదివి చెప్పె, నేను బతికిన బతుకంతా ఆ కాగితంలో ఉండాది అని. యా పొద్దూ ఎవురూ ఆయమ్మను కూసోబెట్టి ఇన్లేదు."

చెంబు అందించింది. ఆమె బొటనవేలు గోరు దాకా ఎర్రగా ఉంది. చెంబు అంచు మీద ఎర్రగా మరక పడింది.

"పోదప్పా ఈ రంగు" అంది నేను చూడటం చూసి. "మేము పోయినా వేలికే ఉంటాది. జయక్కకూ ఇట్లే ఉండె."

నీళ్లు తాగలేకపోయాను.

ఉగ్గాణి చేసే మనిషి వేలికి పట్టు రంగు ఎందుకు ఉంటుంది?

బెంచీ మీద కూర్చున్నది జయలక్ష్మమ్మ. కొంగు తల మీదికి లాక్కున్నది, ప్రతి పేరాకీ ఆఁ అన్నది, తడిగుడ్డతో వేలు తుడుచుకున్నది జయలక్ష్మమ్మ. గౌసియాబీ ఫైలులో ఆమె వాక్యాన్ని ఎట్లా పెట్టానో, నా బుర్రలో కూడా ఆమెను తీసి అట్లాగే పెట్టుకున్నాను. పేరు మాత్రం మార్చుకున్నాను.

జూలై 18

చదవలేదు.

ఆ రోజు కరెంటు పోయేలోపు ప్రింటు తీయాలని తొందర. పెనుకొండ బస్సుకు టైమవుతోంది. గౌసియాబీ నిలబడే ఉంది, ఆమెను కూర్చోమని కూడా అనలేదు. కాగితాలు మడిచి చివరి పేజీ ముందు పెట్టి, ఇక్కడ వెయ్యమ్మా అన్నాను.

"ఏం రాసినారు సారూ?" అని అడిగింది. అడిగింది ఆమె.

"అంతా నువ్వు చెప్పిందే" అన్నాను.

జూలై 20, ఆదివారం

సార్ ఇంటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. సవరణ పిటిషన్ వేయననీ, చదవకుండానే చదివినట్టు సంతకం పెట్టానని కోర్టులో చెప్పేస్తాననీ అన్నాను. ఆయనకు ఇంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"బుద్ధుండే మాట మాట్లాడప్పా! నీ సంతకం అబద్ధమని నీ నోటితోనే చెప్తే రేప్పొద్దున బార్ కౌన్సిల్ ఊరికే ఉంటాదా? నల్లకోటు ఊడదీస్తారు. మన ఆఫీసు నుంచి పోయిన ప్రతి కాగితాన్నీ అనుమానిస్తారు."

"అనుమానించాల్సిందే సార్. అందులో ఎన్ని నేను చదివానో నాకే తెలీదు."

"ఆ మిషన్ మీద నెట్టేసెయ్. జడ్జిలకు కూడా దాని సంగతి తెలీదు."

"మిషన్ సంతకం పెట్టలేదు కదా సార్."

ఆయన పొరలు కమ్మిన కళ్లతో కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే, "నాకు కళ్లుండి ఉంటే నేనే చదువుతాంటిని" అన్నారు. నన్ను తిట్టారో, తనను తిట్టుకున్నారో తెలియలేదు.

భయంగా ఉంది. దాచుకోవడానికి ఇది ఇంకొకరికి చూపే రాత కాదు. ఈ కోటు తప్ప నాకు వేరే బతుకుతెరువు రాదు.

జూలై 24, గురువారం

చెప్పాను.

లేచి మెమో చదివాను. జడ్జిగారు రాయడం ఆపి, "మీరేం చెబుతున్నారో తెలిసే చెబుతున్నారా?" అని అడిగారు. తెలిసే చెబుతున్నానన్నాను. పాత కేసు అఫిడవిట్‌ను కంప్యూటర్లో మార్చి వాడామని, ఐదో పేరా చనిపోయిన మరొక క్లయింటు మాటలని, సాక్షికి ఒక్క వాక్యం కూడా చదివి వినిపించలేదని చెప్పాను. భాగ్యశ్రీ పేరు ఎత్తలేదు. హనుమంతప్ప లేచి, ఇది కేసు కాపాడుకోవడానికి ఆడుతున్న నాటకమని, ఈ వకీలు మీద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తానని అన్నాడు. అతను అనకపోతే నేను ఆశ్చర్యపోయేవాణ్ని.

అఫిడవిట్ వెనక్కి తీసుకోనిచ్చారు. కొత్తది వేయాలి, గౌసియాబీ మళ్లీ బోనెక్కాలి. నన్ను తప్పుకోమన్నారు, ఇకపై కేసు తిమ్మరాజు సార్ నడుపుతారు. నా సంగతి విడిగా చూస్తామన్నారు.

బయట చెట్టు కింద గౌసియాబీ నిలబడి ఉంది. ఆమె నన్ను తిట్టాలని నాకు గట్టిగా ఉండింది. "అట్లయితే నేను మర్సిపోలేదు" అంది. ముఖం మీద ఏదో బరువు దిగినట్టుంది. "నా తల బాగుండాది. పాపకు చెప్తా" అని గబగబా నడిచింది.

ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది. కారు షెడ్డు వెనక్కి పోయి ఏడ్చాను.

జూలై 28

ఫైళ్లన్నిటిలోంచీ "చదివి వినిపించగా" తీయించేశాను. ఆ చోట ఖాళీ ఉంటుంది. చదివిన తరువాత, చదివిన మనిషి చేత్తో రాయాలి. భాగ్యశ్రీ ఒక్కో ఫైలూ తెరిచి చెరిపేస్తుంటే పక్కన కూర్చున్నాను. జయలక్ష్మమ్మ ఫైలు వచ్చినప్పుడు, "దీన్ని కూడానా సార్?" అంది.

"అది ఉండనీ. అది నిజంగా చదివిందే."

గుడిబండకూ అమరాపురానికీ కబురు పంపాను. వాళ్లను కూర్చోబెట్టి చదవాలి. బార్ అసోసియేషన్‌లోకి నేను అడుగుపెడితే మాటలు ఆగిపోతున్నాయి. ఆగనీ.

ప్రింటర్ నడుస్తోంది. ఆగినచోట ఏమీ వినిపించలేదు. అయినా చెవి అటే ఉంటోంది.

ఆగస్టు 3, ఆదివారం

కొత్త అఫిడవిట్ తీసుకుని సార్, నేను పెనుకొండ వెళ్లాం. ఆఫీసుకు రమ్మనకుండా మనమే పోదామన్నది సారే. వసారాలో అంగడి బెంచీ మీద ఆయన కూర్చున్నారు. గౌసియాబీ నీళ్లు వార్చిన బొరుగులు పోపులో కలుపుతూనే విన్నది, ఆ పని ఆపి వింటానంటే వద్దన్నాను. అఫ్రీన్ వాకిలికి ఆనుకుని బజ్జీలకు మిరపకాయలు చీరుతోంది, మా వైపు చూడటం లేదు.

కేసు సార్‌దే అయినా ఆయనకు కళ్లు కనబడవు గనక, ఈసారి అక్షరం అక్షరం నేనే కొత్తగా రాశాను. గట్టిగా చదివాను. గౌసియాబీ తల ఊపలేదు. ఒక్కో వాక్యం దగ్గర ఆపింది. పెళ్లైన ఊరు సరిచేసింది. వసారా వేసింది భర్త కాదు, తన గాజులమ్మి తనే వేయించానంది. సార్ కళ్లు మూసుకుని చిన్నగా నవ్వుకుంటున్నారు.

ఐదో పేరా వచ్చింది. "నాకు అఫ్రీన్ అను ఒక కుమార్తె గలదు" అని చదివాను. ఇది మాత్రం తప్పు పోదనుకున్నాను.

"ఒక్కతే కాదు సారూ" అంది.

కలం పట్టుకుని ఆగాను.

"యూనస్ ఉండె. పాపకు ముందు. జ్వరమొచ్చి పోయె. మీ కాగితాల్లో బతికినోళ్లనే అడుగుతారు, అందుకే చెప్పలేదు. పోయినోడు కూడా నా కొడుకే కదా. వాన్నీ రాయి."

మేము అడిగే వివరాల్లో పోయిన పిల్లలకు చోటు లేదు. ఆ మాట నిజం. యూనస్ అని రాశాను. ఎప్పుడమ్మా అన్నాను.

"పాప కడుపులో ఉన్నెప్పుడే. నిండు కడుపు. వాని నలభై దినాల ఫాతెహాకు వీధంతా వచ్చి అన్నం తినె, నేను మాత్రం లేను. కదిరిలో నొప్పులు పడతాంటి. పాప పుట్టె."

సార్ కళ్లు తెరిచారు. అఫ్రీన్ చేతిలో కత్తి ఆగింది.

"ఆ వీధిలో వాళ్లు ఇప్పుడు ఉన్నారా?" సార్ గొంతు మారిపోయింది. "నువ్వు కడుపుతో ఉంటివని చెప్పేవాళ్లు?"

"ఉండారు సామీ, యాడికి పోతారు? ఎదురింటోళ్లు, మసీదు పక్కనోళ్లు, అందరూ సూసిందే." గౌసియాబీ పొయ్యి మంట తగ్గించింది. "బిడ్డను మట్టికి తీసకపోతాంటే నేను వెనకాల పరిగెత్తితి. అప్పుడు వాన్ని చేతుల మీద ఎత్తుకోనుండేటోడు వెనక్కి తిరిగి, 'వదినా, నువ్వు రాకు, నీ కడుపులో ఇంకొక బిడ్డ ఉండాది, ఇంట్లోకి పో' అనె."

"ఎవరు?" అన్నాను.

"ఇంకెవురు సారూ, గౌస్‌సాబే."

అఫ్రీన్ మిరపకాయల గిన్నె కింద పెట్టి, వచ్చి తల్లి పక్కన కూర్చుంది. నేను ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుని, మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.